అమ్మ కొంగులో డెత్ క్యాప్

పుట్టకొక్కుల కూర తిని పెరిగిన మనిషి ముందు సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే తెల్ల బటన్ మష్రూమ్‌లు వండి పెడితే ఏమవుతుందో నాకు పోయినేడాది జూన్‌లో తెలిసింది. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండుసార్లు నమిలి, "రబ్బరు లెక్క ఉన్నది బిడ్డా, వాసనే లేదు" అని పళ్ళెం పక్కకు జరిపింది. నాన్న ఏం పెట్టినా తినేస్తారు కాబట్టి ఆయన అభిప్రాయం ఈ విషయంలో లెక్కలోకి రాదు.

మాది ములుగు వైపు, అడవి అంచున ఊరు. తొలకరి పడి, నాలుగు రోజులు ఉక్కపోసి, ఒక రాత్రి గట్టిగా ఉరిమిందంటే తెల్లారేసరికి అమ్మ ఇంట్లో ఉండేది కాదు. ఉరుముకు కొక్కులు లేస్తాయని మా దగ్గర నమ్మకం. పొద్దెక్కకముందే తిరిగొచ్చేది, కొంగు నిండా తెల్లటి కొక్కులతో, ఒక్కోదానికి కింద మట్టి అంటుకున్న తోక లాంటి పొడవాటి వేరు. ఆ వేరు పుట్ట లోపల చెదల గూటి దాకా పోతుంది. చెదలు ఆకులూ పుల్లలూ నమిలి లోపల దాచుకుని వాటి మీద ఒక రకం బూజును పంటలా పెంచుకుంటాయి, వానలు పడ్డాక ఆ బూజే పైకి గొడుగై లేస్తుంది. అందుకే పుట్టకొక్కుల్ని షెడ్డులో పెంచడం ఎవరి వల్లా కావట్లేదు, చెదలు లేనిదే అవి రావు. ఇదంతా నేను ఈమధ్య చదువుకున్నది. అమ్మకు తెలిసిందల్లా ఏ పుట్ట మీద ఏ వారంలో లేస్తాయో. ఆ పుట్ట ఎక్కడుందో మా పెద్దమ్మకు కూడా చెప్పేది కాదు.

మేముండేది సియాటెల్ దగ్గర. ఇక్కడికొచ్చిన తల్లిదండ్రుల సంగతి తెలిసిందే కదా, మొదటి నెల స్పేస్ నీడిల్, జలపాతాలు, గుడి, రెండో నెల నుంచి కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడం. ఆఫీసులో నాతో పనిచేసే పెద్దావిడ ఒకరున్నారు, అరవై దాటిన మనిషి, సెలవొస్తే అడవిలోనే ఉంటుంది. "మీ అమ్మకు అడవి అలవాటంటున్నావు, అడవిలో కాసే హకల్‌బెర్రీ పళ్ళు కోయడానికి తీసుకెళ్ళవేం" అందామె ఆగస్టులో. ఎక్కడికెళ్ళాలంటే ఇండియన్ హెవెన్ అని చెప్పింది. సియాటెల్ నుంచి నాలుగు గంటలు దాటిన ప్రయాణం, ఆడమ్స్ కొండకూ సెయింట్ హెలెన్స్ కొండకూ మధ్య, గిఫర్డ్ పింషో జాతీయ అడవిలో ఉంటుంది.

"ఇండియన్ హెవెనా? మనోళ్ళు ఉంటరా అక్కడ?" అని అమ్మ.

మనవాళ్ళు కాదమ్మా, ఈ నేల అసలు మనుషులు, కొలంబస్ పొరబడి పెట్టిన పేరు ఇంకా నడుస్తోందని చెప్పాను. అంటే ఇక్కడి కోయోళ్ళన్నట్టు, అంది. నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను, ఆమె అర్థం చేసుకున్నది నేను చెప్పబోయేదానికన్నా దగ్గరగానే ఉంది.

వెళ్ళేముందు ఒక కాగితం పని ఉంది. ఆ అడవిలో ఇంటి వాడకానికి కోసుకోవాలంటే ఉచిత పర్మిట్ తీసుకోవాలి, రోజుకు ఒక గాలన్, ఏడాదికి మూడు గాలన్‌లు. గాలన్ అంటే మన లెక్కలో మూడు లీటర్ల ముప్పావు చిల్లర. దువ్వెన లాంటి పళ్ళ గరిటెతో కొమ్మను దువ్వి పళ్ళు రాల్చుకునే పద్ధతి ఒకటుంది, దాన్ని అక్కడ ఒప్పుకోరు, కొమ్మలు పాడవుతాయి. చేత్తోనే కోయాలి. దోమల గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నూటికి పైగా చెరువులూ మడుగులూ ఉన్న చోటు అది, ఆగస్టు చివరైనా కొన్ని మా కోసమే ఆగినట్టున్నాయి.

కల్టస్ క్రీక్ దగ్గర కారు పెట్టి నడక మొదలుపెట్టాం. మొదట్లోనే నిలువు ఎక్కుడు. నాన్నకు మోకాళ్ళు, నాకు ఆయాసం, అమ్మ మాత్రం చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, బూట్లలో కాళ్ళు, ముందు ఆమే. ఒక మలుపులో చెట్లు పలచబడి, నడుము ఎత్తు పొదలు కనిపించాయి, ఆకులు అక్కడక్కడా అప్పుడే ఎర్రబారుతున్నాయి. నాకు పళ్ళేమీ కనబడలేదు. అమ్మ కూర్చుండిపోయి కొమ్మను కింది నుంచి పైకి ఎత్తి చూపించింది, ఆకుల చాటున ఒక్కొక్కటిగా నల్లగా వేలాడుతున్నాయి. గుత్తులుగా కాయవు ఇవి, ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో పండు, అందుకే గిన్నె నిండడానికి ప్రాణం పోతుంది, అందుకే సంతలో ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. వీటినీ తోటల్లో వేసి పెంచుదామని చూసినవాళ్ళున్నారు, పెద్దగా లాభం లేకపోయింది. కొట్లో దొరికే బ్లూబెర్రీకి చుట్టమే కానీ దాన్ని కోస్తే లోపల తెలుపు, దీన్ని చిదిపితే లోపలా ఊదా రంగే.

అమ్మ ఒకటి నోట్లో వేసుకుంది. "పుల్లగ నేరేడు, తియ్యగ పరికిపండు" అంది. నేను పరికిపళ్ళు తిని ఎన్నేళ్ళయిందో లెక్కేసుకుంటుంటే ఆమె అప్పటికే కోత మొదలుపెట్టింది. పండును లాగదు, బొటనవేలితో అలా దొర్లిస్తుంది, పండినదైతే అరచేతిలోకి వస్తుంది, రానిదాన్ని వదిలేస్తుంది. రెండు గంటల్లో రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా నిండింది. నాది సగం కూడా కాలేదు, అందులో సగం ఆకులు. నాన్న మడత కుర్చీలో కూర్చుని ఎలుగుబంట్లు వస్తాయేమోనని కాపలా కాశారు. వస్తాయి కూడా, శీతాకాలానికి ముందు అవి ఈ పళ్ళ మీదే బతుకుతాయి. దానికి అమ్మ ఏమీ జంకలేదు. "ఇప్పపువ్వు కాలంల గుడ్డెలుగు రాదా ఏంది మన దగ్గర. మాట్లాడుకుంట కోస్తే అదే పోతది" అని గట్టిగా మా మేనత్త పెళ్ళి కథ ఎత్తుకుంది. అక్కడి ఫారెస్టువాళ్ళు పెట్టిన బోర్డులోనూ చప్పుడు చేస్తూ నడవమనే ఉంది, మేనత్త కథ తప్ప.

దిగేటప్పుడు, చెమ్మగా నీడగా ఉన్న చోట, ఎర్రగా నిగనిగలాడే పళ్ళ గుత్తి ఒకటి అమ్మ కంట పడింది. చెయ్యి చాపేసింది. అది బేన్‌బెర్రీ అని, విషమని, మా ఆఫీసావిడ పంపిన ఫోటోల్లో చూసి ఉన్నాను కాబట్టి ఆపాను. "ఇంత అందంగున్నది విషమా" అని ఒకసారి చూసి వదిలేసింది. అప్పుడే నాకు తట్టాల్సింది.

తిరుగు దారిలో 24వ నంబరు అటవీ రోడ్డు పక్కన బోర్డులు కనిపించాయి, రోడ్డుకు ఒక వైపు పళ్ళు ఆదివాసీలకు మాత్రమేనని. దాని వెనక కథ ఉంది. 1930ల మాంద్యంలో పనులు పోయిన జనం వేలల్లో ఈ కొండకు పళ్ళ కోసం ఎగబడ్డారట, తరతరాలుగా ఇక్కడే గుడారాలు వేసుకుని పళ్ళు ఎండబెట్టుకుంటున్న యాకమా తెగవాళ్ళకు చోటు లేకుండా పోయింది. 1932లో యాకమా పెద్దా అటవీ అధికారీ కలిసి మాట్లాడుకుని, చేతిలో చెయ్యి వేసి, కొంత మేర వాళ్ళకే వదిలెయ్యాలని ఒప్పుకున్నారు. కాగితం మీద రాసుకున్న ఒప్పందం కాదు, ఇప్పటికీ దాన్ని చేతుల ఒప్పందమనే పిలుస్తారు. ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ పొదలు అంత విరగకాయడానికి వాళ్ళు కోత అయ్యాక పెట్టే మంటలే కారణం, మంటలకు చెట్లు అడ్డం పెరగవు, పొద వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అడవిలో నిప్పు కనబడితే ఆర్పేయడమే పని అని సర్కారు పట్టుబట్టిన కొన్ని దశాబ్దాల్లో దేవదారు జాతి చెట్లు పైకి లేచి, నీడ కమ్మి, పళ్ళ పొలాలు కుంచించుకుపోయాయి. అమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. ఇప్పచెట్టు కింద ఆకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటేనే కదా పువ్వు ఏరుకునేది, తునికాకుకు కొమ్మ కొడితేనే కదా లేతాకు వచ్చేది, అన్నట్టు చూసింది. ఆ మంటలు చెయ్యి దాటితే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు, ఆ సంగతి మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక సగం పళ్ళు ఫ్రీజర్‌లోకి, మిగతావి పచ్చడిలోకి. వాక్కాయ పచ్చడి చేసినట్టే చేసింది, పచ్చిమిర్చి, వెల్లుల్లి, జీలకర్ర, ఇంగువ పోపు. రంగు చూసి మా ఆయన భయపడ్డాడు కానీ వేడన్నంలో నెయ్యితో రెండో ముద్దకే దారికొచ్చాడు.

ఇక ఇక్కడి నుంచి అమ్మకు ధైర్యం వచ్చేసింది. అదే గొడవ.

సెప్టెంబర్ చివరి వారం, ఆదివారం. ముందు రోజుల్లో రెండు వానలు పడ్డాయి. పొద్దున వాకింగ్‌కు వెళ్ళిన అమ్మ చీర కొంగు మూటగట్టుకుని వచ్చింది. మొహం వెలిగిపోతోంది. వంటింటి గట్టు మీద కొంగు విప్పితే నాలుగు పుట్టగొడుగులు, తెల్లటి కాడలు, నడుముకు పలచటి గౌను లాంటి పొర, లేత పసుపూ ఆకుపచ్చా కలిసినట్టున్న టోపీ, కింద రేకులు తెల్లగా పొందిగ్గా. ఒకటి ఇంకా విచ్చుకోలేదు, కోడిగుడ్డంత ఉంది. "రోడ్డు పక్కన చెట్టు కింద గడ్డిల లేచినయి బిడ్డా, ఎవ్వలు చూస్తలేరు, ఈ దేశపోళ్ళకు తెల్వదు" అంటూ అప్పటికే ఉల్లిపాయ తీసింది.

నాకు నిజంగా ఏమీ తెలియదు. తెలియదు కాబట్టే టెన్షన్ వచ్చింది. ఫోటోలు తీసి మా ఆఫీసావిడకు పంపాను. నిమిషంలో ఫోన్. వండారా? లేదు. మంచిది, కాడ మొదలు ఏది? చూస్తే మొదలు లేదు. అమ్మ పుట్టకొక్కును పెకిలించినట్టు కాకుండా, ఊరి వాళ్ళ గడ్డి పాడవకూడదని మర్యాదగా పైన తుంచింది. వెళ్ళి ఆ మొదలు తవ్వి చూడమంది ఆవిడ.

నేనూ అమ్మా ఒక పెద్ద చెంచా పట్టుకుని వెళ్ళాం. అదేమీ అడవి కాదు, మా అపార్ట్‌మెంట్ నుంచి రెండు సందుల అవతల, బస్ స్టాప్ పక్కన, వరసగా నాటిన నీడ చెట్లు. తెగిన కాడ చుట్టూ మెల్లగా మట్టి గీస్తే లోపల తెల్లటి సంచి బయటపడింది. పగిలిన గుడ్డు పెంకులో కాడ నిలబెట్టినట్టు. చేత్తో పట్టుకుంటే మెత్తగా, తడి కాగితంలా. సంచి ఫోటో చూడగానే ఆవిడ ఒకటే మాట, రేపు నిపుణుల దగ్గరికి తీసుకెళ్తాను, అప్పటిదాకా ఆ గట్టూ కత్తీ కడిగెయ్యండి అని. రాత్రి ఇంకో పని చెప్పింది. ఒక టోపీని కాడ తీసేసి, సగం తెలుపు సగం నలుపు ఉన్న కాగితం మీద రేకులు కిందికి పెట్టి, పైన గిన్నె బోర్లించమంది. తెల్లారి గిన్నె ఎత్తి చూస్తే నలుపు వైపున రేకుల్లోంచి రాలిన తెల్లటి పొడి, సన్నటి గీతలతో, ముగ్గు వేసినట్టు.

సియాటెల్‌లో పుజెట్ సౌండ్ మైకలాజికల్ సొసైటీ అని పుట్టగొడుగుల సంఘం ఒకటుంది, 1964 నుంచి నడుస్తోంది, సీజన్‌లో జనం తెచ్చినవి ఉచితంగా చూసి ఫలానా అని చెబుతారు. అక్కడ బల్ల మీద పెట్టగానే ఒక ముసలాయన తీసుకుని, తిప్పి చూసి, వాసన కూడా చూసి, ముట్టుకుంటే ఏమీ కాదు కంగారు పడకండి అని, "డెత్ క్యాప్" అన్నాడు. నేను తెలుగులో చెప్పకముందే డెత్ అన్న మాట అమ్మకు అర్థమైంది.

ప్రపంచంలో పుట్టగొడుగులు తిని చనిపోయేవాళ్ళలో ఎక్కువమందిని చంపేది ఇదేనట. పెద్ద మనిషికి ఒక్కటి చాలు. ఉడికించినా ఎండబెట్టినా దాని విషం పోదు. దుర్మార్గం ఏమిటంటే తినగానే ఏమీ కాదు, ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సేపు మామూలుగానే ఉంటారు, తర్వాత వాంతులూ విరేచనాలూ, ఆపైన ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది, ఆ తగ్గిన రోజునే లోపల కాలేయం పోతుంటుంది. బతికి బయటపడ్డవాళ్ళు రుచి బాగుందనే చెబుతారట. ఇది ఈ కొండల్లో పుట్టింది కూడా కాదు, యూరప్ నుంచి తెచ్చి వీధుల్లో నాటిన హార్న్‌బీమ్ లాంటి చెట్ల వేళ్ళతో పాటు వచ్చింది. అందుకే కొండ మీద నాలుగు గంటలు తిరిగినా కనబడనిది బస్ స్టాప్ దగ్గర దొరికింది.

ఆయన ఇంకోటి అడిగాడు, మీ దేశంలో వరిగడ్డి మీద పెరిగే పుట్టగొడుగు తింటారా అని. తింటాం. అదీ మొదట్లో ఇలాగే సంచిలోంచి గుడ్డులా లేస్తుంది, తేడా ఏంటంటే కాగితం మీద దాని పొడి గులాబీ రంగులో పడుతుంది. కాలిఫోర్నియాలో ఆగ్నేయాసియా నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఇది మన ఊరిదే అనుకుని వండుకుని ఆస్పత్రుల పాలైన సందర్భాలు చాలా ఉన్నాయన్నాడు. మనకు మన దేశంలో ఆ భయం లేదనుకోకండి, 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది పోయారు, చాలామంది తేయాకు తోటల కుటుంబాలవాళ్ళే.

ఇంటికి వచ్చే దారంతా అమ్మ మాట్లాడలేదు. రాత్రి నా పక్కన కూర్చుని తన లెక్కలన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పింది. పురుగు తిన్నదైతే మంచిదంటారు కదా? పురుగుకు ఏమీ కాకపోవచ్చు, మనకవుతుంది. వెండి పెడితే నల్లబడుతుందంటారు కదా? పడదు, అబద్ధం. రంగు లేకుండా తెల్లగా ఉంటే? ఈ జాతిలోనే పూర్తి తెల్లగా ఉండి చంపేవి ఉన్నాయి. పుట్ట మీద లేస్తే? ఇక్కడ ఆగాను. అది నిజమే. పుట్ట నడినెత్తిన లేచి, పొడవాటి వేరు చెదల గూటిలోకి దిగి ఉన్నదాన్ని ఆమె ఎన్నడూ పొరబడలేదు, యాభై ఏళ్ళలో ఎవరికీ కడుపు నొప్పి కూడా రాలేదు. "గంతే మరి, నాకు తెలిసింది పుట్ట. కొక్కు కాదు" అంది. ఇక్కడ పుట్టలు లేవు.

పొరపాటున ఎవరైనా తింటే మాత్రం లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రాత్రీ పగలూ ఎత్తుతారు. మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

నేనైతే ఇంక పుట్టగొడుగుల పేరే ఎత్తొద్దనుకున్నాను. ఆఫీసావిడ వదల్లేదు. అక్టోబర్‌లో ఒక శనివారం, సన్నటి తుంపర, మమ్మల్ని తన కారులోనే ఎక్కించుకుని వెళ్ళింది. ఏ దారిన వెళ్ళామో ఎక్కడా రాయనని ముందే మాట తీసుకుంది, అమ్మకు ఆ సంగతి అనువదించి చెప్పగానే ఆమె మీద గౌరవం రెట్టింపైంది. డగ్లస్ ఫర్ చెట్ల అడవి, కింద నాచు, కాలు పెడితే పరుపు మీద పెట్టినట్టు లోపలికి దిగుతుంది. వెతుకుతున్నది షాంటరెల్ అనే పుట్టగొడుగు. గుడ్డు పచ్చసొన రంగు, గొడుగులా కాకుండా గాలికి తిరగబడిన గొడుగులా, బాకా మూతిలా ఉంటుంది.

మొదట కనిపెట్టింది అమ్మే. ఒక ఫెర్న్ పక్కన కూర్చుండిపోయి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ముట్టుకోకుండా, "ఒకసారి ఇటొచ్చి చూడుమను" అంది. ఆవిడ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని మొదలంటా తీసి చూపించింది. కింద ఉన్నవి రేకులు కావు, ముడతలు, కాడ మీదికి కారిపోయినట్టు దిగుతాయి, గోటితో విడదీయబోతే రావు. కాడ నిలువునా చీలిస్తే ఉడికిన కోడి మాంసంలా పోగులుగా చీలింది, లోపల తెలుపు. అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని "మామిడి తాండ్ర" అంది. పది అడుగుల అవతల అచ్చం ఇలాంటిదే ఇంకోటి కనిపించింది, కాస్త ఎర్రనారింజ రంగు, కింద పలచటి రేకులు, గోటికి విడిపోయాయి. అది ఉత్తుత్తి షాంటరెల్. రెంటినీ పక్కపక్కన పెట్టుకుని అమ్మ పది నిమిషాలు చూసింది, స్కూల్లో నేనెప్పుడూ దేన్నీ అంత సేపు చూడలేదు.

వీటినీ ఎవరూ పెంచలేరా అని అడిగింది. పెంచడం చాలా కష్టం, బతికున్న చెట్టు వేళ్ళతో ముడిపడి బతుకుతాయి, చెట్టు చక్కెర ఇస్తుంది, ఇవి నేలలోంచి నీళ్ళూ పోషకాలూ లాగి ఇస్తాయి.

"అయితే చెట్టే పుట్టన్నట్టు."

అనువదించి చెప్తే ఆవిడకు ఏం అర్థమైందో కానీ తల ఊపింది.

ఇంట్లో బ్రష్‌తో మట్టి దులిపి, చేత్తో చీల్చి, నూనె లేకుండా వేడి మూకుడులో వేస్తే ముందు బోలెడు నీళ్ళు వదిలాయి, అవి ఇంకిపోయాకే నూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పసుపు, ధనియాల పొడి. మొదటిసారి కదా, మంచివైనా కొందరి ఒంటికి పడవు, తలా రెండు చెంచాలే తినండి అని ఆవిడ మరీ మరీ చెప్పింది. కొన్ని పచ్చివి ఫ్రిజ్‌లో దాచిపెట్టాం, ఏదైనా అయితే డాక్టర్లకు చూపించడానికి. నాన్నకు ఇది నచ్చలేదు, కూర ముందు పెట్టుకుని రేపటిదాకా ఆగడమేంటని. రేపు అందరం లేచాం, ఏమీ కాలేదు, మిగతాది మధ్యాహ్నానికి అయిపోయింది. అమ్మ తీర్పు, "కొక్కులంత కాదు. కానీ కూరే."

నవంబర్‌లో వాళ్ళు వెళ్ళిపోయారు. మొన్న జూలైలో ఒక రోజు వీడియో కాల్ చేసింది, అక్కడ పొద్దున, ఇక్కడ నాకు రాత్రి. కొంగు నిండా కొక్కులు. ఒకదాన్ని కెమెరాకు మరీ దగ్గరగా పెట్టి, మట్టి వేరును కొస దాకా వేలితో తుడుస్తూ, "సంచి లేదు చూసినవా" అంది. రాత్రి నలుపు కాగితం మీద గిన్నె కూడా బోర్లించిందట, నాన్న పిచ్చి పట్టిందన్నారట.

ఎక్కడ దొరికాయమ్మా, మన చెరువు వెనక పుట్ట మీదేనా అని అడిగాను.

"నీకెందుకే అవన్నీ" అని ఫోన్ నాన్న చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.